సంతానలేమి కోడలి తప్పు కాదు: మందు కొట్టే రైతు ఆరోగ్యం సంఘం సమస్యే
(బంగారుపాళ్యంలో మామిడి, పాడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బంగారుపాళ్యంలో మామిడి రైతులు కూడారంటే తోతాపురి ధర గురించే మాట్లాడుకుంటారని అందరికీ తెలుసు. ఆ పోరాటం ఎలాగూ ఆగదు. ఈరోజు మాత్రం సభల్లో ఎవరూ ఎత్తని మాట ఒకటి ఎత్తుతున్నాం. పెళ్లయి ఐదేళ్లయినా, పదేళ్లయినా బిడ్డల్లేని ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. ముందు అత్త సణుగుడు, తర్వాత మొక్కులు, తాయెత్తులు, తర్వాత పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి, ఆ తర్వాత పాడి ఆవు అమ్మకం, వడ్డీకి అప్పు. ఇదంతా అయ్యాక గానీ మొగుడికి పరీక్ష చేయించాలన్న ఆలోచన రాదు. ఈ మాట సభలో ఎందుకంటారేమో, మన పంట మందులకూ దీనికీ సంబంధం ఉంది కాబట్టి.

మన ప్రాంతంలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర ఏటా భారతం జరుగుతుంది. అర్జున తపస్సు నాడు బిడ్డల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో తపసుమాను కింద వరపడతారు. మాను మీది నుంచి అర్జున వేషం కట్టినాయన విసిరిన నిమ్మకాయో, పండో కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. ఎవరి నమ్మకాన్నీ మేం తప్పు పట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్నాం. ఆ మాను కింద పడుకునేది ఎప్పుడూ ఆడబిడ్డలేనా? మొగుడు ఎక్కడున్నాడు? ఆ భారతంలోనే చూడండి. కుంతికీ, మాద్రికీ లోపం లేదు. శాపం ఉన్నది పాండురాజుకు. రాత్రంతా కూర్చుని ఆ కథ విన్న మనమే, పొద్దున ఇంటికొచ్చి కోడల్ని గొడ్రాలంటాం.

ఆవు విషయంలో తెలిసిన న్యాయం

మనది పాడి జిల్లా. ఆవు రెండు మూడుసార్లు తిరిగి పొర్లితే మనం ఏం చేస్తాం? డాక్టరును పిలుస్తాం. మేత సరిగా ఉందా, ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నామా, ఎదను సరిగా గుర్తించామా, సూది వేసిన వేళ సరైనదేనా, గర్భసంచిలో చీము ఉందా అని చూస్తాం. ఆ పైన, వేసిన వీర్యం మంచిదేనా అనీ అడుగుతాం. వీర్య కేంద్రాల్లో కణాలు చురుగ్గా కదులుతున్నాయో లేదో చూసిన తర్వాతే డోసులు నింపుతారని మనకు తెలుసు. ఎండాకాలం ఆవు సరిగా కట్టదని కూడా తెలుసు.

అంటే హార్మోను, మేత, వేడి, సూక్ష్మజీవి, మగ విత్తనం, ఇన్నీ కలిస్తేనే చూడి నిలుస్తుందని పశువు విషయంలో మనం ఒప్పుకున్నాం. మనిషి దగ్గరికొచ్చేసరికి ఒక్క ఆడదాని మీద వేసేశాం. ఇది శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురు పెద్దవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. కాబట్టి ఇది మన ఊరి శాపమూ కాదు, ఒక ఇంటి దోషమూ కాదు.

హార్మోన్లంటే ఏమిటి?

హార్మోను పని రైతుకు కొత్త కాదు. టమాటా పూత రాలకుండా ప్లానోఫిక్స్ కొడతాం. ట్యాంకు నీళ్లకు మూడు నాలుగు మిల్లీలీటర్లు, అంతే. మామిడి చెట్టు పాదులో కల్తార్ పోస్తాం. అది చెట్టులో పెరుగుదల హార్మోనును అడ్డుకుంటుంది, చెట్టు ఆకు వేయడం తగ్గించి పూతకు వస్తుంది. అంత పెద్ద చెట్టు అంత కొద్ది మందుకు తన నడత మార్చుకుంటుంది.

మన ఒంట్లోనూ అంతే. మెదడు అడుగున చిన్న గ్రంథి ఉంది. అది పంపే సంకేతాలతోనే ఆడవాళ్లలో అండం పక్వమవుతుంది, మగవాళ్లలో వీర్యకణాలు తయారవుతాయి. థైరాయిడ్ తగ్గినా, పాల హార్మోను హెచ్చినా, అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉన్నా నెలసరి తప్పుతుంది, అండం విడుదల కాదు. వీటిలో చాలావాటిని మాత్రలతో, బరువు తగ్గడంతో సరిచేయవచ్చు. రక్తపరీక్షతో తేలే దానికి ఏళ్ల తరబడి ఏడవాల్సిన పని లేదు.

మగవాడి విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికి రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. ఈరోజు పరీక్షలో కనిపించేది మూడు నెలల కింద మన ఒంటికి జరిగిన దాని ఫలితం. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఆ పని సరిగా సాగుతుంది. బట్టీల దగ్గర, వేడి ఇంజన్ల దగ్గర గంటలకొద్దీ పనిచేసే వాళ్లకు, బీడీ, సారా ఎక్కువైన వాళ్లకు కణాలు తగ్గుతాయి.

ఒంటి కాపలా ఎదురు తిరిగితే

ఒంట్లోకి బయటి క్రిమి వస్తే పోరాడే రక్షణ వ్యవస్థ ఉంది కదా. వీర్యకణాలు యుక్తవయసులో కొత్తగా పుట్టేవి. కాపలావాళ్లకు అవి పరాయివిగానే కనిపిస్తాయి. అందుకే ప్రకృతి వాటి చుట్టూ ఒక కంచె కట్టింది. దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా, గవద బిళ్లల జబ్బు వృషణాలకు పాకినా ఆ కంచె తెగవచ్చు. అప్పుడు సొంత ఒళ్లే సొంత కణాల మీద దాడి చేస్తుంది. కొందరు ఆడవాళ్లలో రక్షణ వ్యవస్థ థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. మరికొందరిలో రక్తం గడ్డకట్టించే ప్రతిరక్షకాలు తయారై గర్భం నిలిచినా మళ్లీ మళ్లీ పోతుంది.

ఈ వ్యవస్థకు ఎంత బలముందో మన దేశపు శాస్త్రవేత్తే చూపించారు. జి.పి. తల్వార్ బృందం గర్భధారణ హార్మోనుకు వ్యతిరేకంగా టీకా తయారుచేసి స్త్రీల మీద పరీక్షించింది. 1994లో ఫలితాలు అచ్చయ్యాయి. ప్రతిరక్షకాలు తగినంత ఉన్న 1,224 నెలసరి చక్రాల్లో ఒక్క గర్భం మాత్రమే వచ్చింది. ప్రతిరక్షకాలు తగ్గాక మళ్లీ గర్భం దాల్చారు. మరి ఇలా ఒంట్లో జరిగేదానికి ఏ ఆడబిడ్డను నిందిస్తాం?

అంటువ్యాధుల మాట కూడా చెప్పాలి. మన దేశంలో గర్భనాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండానే అది గర్భసంచికి చేరవచ్చు. పాడి రైతులకు మరొకటి, బ్రూసెల్లా. ఆవు ఈసుకుపోయినప్పుడు ఆ మాయను, పిండాన్ని ఒట్టి చేతులతో తీస్తే మనకూ అంటుతుంది. మగవాళ్లకు వృషణాల వాపు, ఆడవాళ్లకు గర్భస్రావం కలిగించగలదు. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ప్రభుత్వం ఉచితంగా ఈ టీకా వేస్తోంది. వదులుకోవద్దు. పచ్చిపాలు తాగొద్దు.

పంట మందులు: ఇప్పటికే జరిగింది

ఇక మన అసలు సంగతి, మందులు. ఊహతో మాట్లాడడం లేదు, జరిగిన మూడు సంగతులు చెబుతాం.

మొదటిది అమెరికాది. వేళ్లను తినే నులిపురుగుల కోసం డీబీసీపీ అనే మందు ఉండేది. జంతువుల్లో అది వృషణాలను కుదించేస్తుందని తయారీదారుల పరిశోధనలోనే 1961 నాటికి తేలింది. అయినా అమ్మారు. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్ పట్టణంలో ఆ మందు తయారుచేసే కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటుంటే ఒక సంగతి బయటపడింది. కొన్నేళ్లుగా వాళ్లలో చాలామందికి బిడ్డలు పుట్టడం లేదు. యూనియన్ పట్టుబట్టింది, పరీక్షలు జరిగాయి. చాలామందికి కణాలు తక్కువ, కొందరికి ఒక్కటీ లేవు. అక్కడ వాడకం ఆపారు గానీ, మధ్య అమెరికా అరటి తోటల్లో వాడకం ఆ తర్వాతా సాగింది. కోస్టారికా, నికరాగువా కూలీలు వేలమంది తండ్రులయ్యే అవకాశం పోగొట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ మందు ఇప్పుడు మన దేశంలోనూ నిషేధిత జాబితాలో ఉంది. దీన్ని బయటపెట్టింది సిగ్గు విడిచి ఒకరితో ఒకరు మాట్లాడుకున్న కార్మికులు. అందుకే మేమూ ఈరోజు మాట్లాడుతున్నాం.

రెండోది మన తెలుగు శాస్త్రవేత్తలది. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర పరిశోధకులు పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్ల కుటుంబాలను పరిశీలించారు. వెయ్యికి పైగా జంటలు ఒకవైపు, మందు తగలని జంటలు దాదాపు అంతే సంఖ్యలో మరోవైపు. 1991లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మందు కొట్టే వాళ్లలో సంతానం కలిగినవాళ్లు తక్కువ. వాళ్ల భార్యలకు గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువ. ఇది గమనించండి. మందు కొట్టింది మొగుడు, కడుపు పోయింది భార్యకు, నింద పడిందీ భార్య మీదే.

మూడోది కేరళ కాసరగోడ్. అక్కడి జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఆ తోటల కింది ఊరిలో 117 మంది మగపిల్లలను, మందు తగలని ఊరిలో 90 మందిని పరీక్షించింది. 2003లో అచ్చయిన ఆ అధ్యయనంలో, మందు తగిలిన పిల్లలకు యుక్తవయసు లక్షణాలు ఆలస్యమయ్యాయని, మగ హార్మోను తక్కువగా ఉందని తేలింది. 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపించింది. బాధితులకు ఐదేసి లక్షలు ఇవ్వాలని 2017లో ఆదేశించింది. ఆ మందును మనమూ వాడినవాళ్లమే.

మన తోపులో ఏముంది?

ఇప్పుడు మన మామిడి తోపుకూ, టమాటా మడికీ వద్దాం. పక్షికన్ను తెగులుకు, బూడిద తెగులుకు కార్బెండజిమ్. టమాటా ఆకుమచ్చకు మాంకోజెబ్. పురుగుకు క్లోర్‌పైరిఫాస్. ఈ పేర్లు తెలియని ఇల్లు ఇక్కడ లేదు. కార్బెండజిమ్ ఎలుకల్లో వృషణాలను దెబ్బతీస్తుందని రుజువైంది. ఐరోపా దేశాలు దాన్నీ, మాంకోజెబ్‌నూ సంతాన సామర్థ్యానికి, కడుపులో బిడ్డకు హాని చేసే పదార్థాల వర్గంలో చేర్చాయి. ఈ మూడింటికీ ఇప్పుడు అక్కడ అనుమతి లేదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2020 మేలో 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది. ఈ మూడు పేర్లూ అందులో ఉన్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా నిషేధించింది డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్ అనే మూడింటినే.

డబ్బా మీద త్రికోణం చూసి ధైర్యపడుతున్నాం. ఎరుపైతే ఘోర విషం, పచ్చయితే పర్వాలేదు అనుకుంటున్నాం. ఆ రంగు చెప్పేది ఒక్కసారి ఒంట్లోకి పోతే ప్రాణానికి ఎంత ప్రమాదమో అన్నది మాత్రమే. పదేళ్లు కొద్దికొద్దిగా పోతే హార్మోన్లకూ, బిడ్డలకూ ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. కార్బెండజిమ్, మాంకోజెబ్ రెండూ తక్షణ విషంగా చూస్తే తక్కువ తరగతివే.

మామిడికి మందు కొట్టే తీరు కూడా గుర్తుచేసుకోండి. గన్ను పైకెత్తి కొడతాం. చెట్టుకు తగిలింది చెట్టుకు, మిగిలింది మన నెత్తిన పడుతుంది. చొక్కా, లుంగీ తడిసి ముద్దవుతాయి. 1971లో ఒక పరిశోధనలో పారథియాన్ అనే పురుగుమందు ఒంట్లో ఏ చోట ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేయి చర్మం నుంచి సుమారు 9 శాతం లోపలికి పోయింది. వృషణాల చర్మం నుంచి దాదాపు మొత్తం పోయింది. తడి లుంగీతో తోపులో గడిపే ప్రతి గంటకూ అర్థం ఇది. డ్రమ్ములో మందు కలిపేది, పైపు లాగేది, సాయంత్రం ఆ బట్టలు ఉతికేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే. కడుపుతో ఉన్న బిడ్డ కూడా ఆ పని చేస్తోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బిడ్డల్లేని ప్రతి ఇంటికీ కారణం మందేనని మేం అనడం లేదు. క్షయ, థైరాయిడ్, వయసు, జన్యులోపం, వృషణాల దగ్గర సిరల వాపు లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఎక్కడ ఎవరికి ఏది కారణమో పరీక్షే చెప్పాలి. కానీ కారణాల జాబితాలో మందు ఉందని తెలిశాక, దాన్ని చూడకుండా కోడలి జాతకం చూడడం తప్పు.

ఇంట్లో మనం చేయాల్సింది

ఏడాది కాపురం చేసినా కడుపు రాకపోతే భార్యాభర్తలిద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. మొదటి రోజే మొగుడి వీర్యపరీక్ష జరగాలి. అది కోత లేని పరీక్ష, తక్కువ ఖర్చు. మూడు నుంచి ఐదు రోజుల ఎడం పాటించి ఇస్తే చాలు. మిల్లీలీటరుకు కోటి అరవై లక్షల కణాలు కనీస ప్రమాణం. ఒకసారి తక్కువొస్తే కుంగిపోవద్దు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించాలి. పరీక్షకు వెళ్లినంత మాత్రాన మగతనం పోదు. వెళ్లకపోతే పోయేది భార్య బతుకు. అత్తలకూ ఒక మాట: మీరూ ఒకింటి కోడళ్లే. ఆ నింద మోస్తే ఎలా ఉంటుందో మీకన్నా ఎవరికి తెలుసు?

బిడ్డ కావాలనుకుంటున్న జంట కనీసం మూడు నెలల ముందు నుంచే మందు పనికి దూరంగా ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు మందు కలపొద్దు, ఆ బట్టలు ముట్టొద్దు. కొట్టక తప్పని వాళ్లు లుంగీ వదిలి నిండు ప్యాంటు, దాని మీద ప్లాస్టిక్ ఏప్రాన్, చేతులకు గ్లౌజులు, టోపీ వేసుకోవాలి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. తడిసిన బట్ట వెంటనే మార్చి సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలు విడిగా, కొట్టినవాళ్లే ఉతుక్కోవాలి.

అసలు మందు తగ్గించడం మంచిది. కోత అయ్యాక కొమ్మలు కత్తిరించి చెట్టులోకి వెలుతురు రానిస్తే తేనెమంచు పురుగు, తెగుళ్లు తగ్గుతాయి. బూడిద తెగులుకు నీళ్లలో కరిగే గంధకం ఉంది. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు ఉన్నాయి. కాయకు కవర్లు తొడిగే రైతులున్నారు. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి సేద్యం కార్యక్రమం నడుస్తోంది, వేప కషాయాలు చేసి చూపేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. దుకాణదారు చెప్పిన మూడు మందులూ కలిపి కొట్టే అలవాటు మానితే ఖర్చు కూడా తగ్గుతుంది.

పట్నంలో సంతాన కేంద్రానికి వెళ్లే వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. 2021 చట్టం ప్రకారం అలాంటి ప్రతి కేంద్రానికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పత్రం చూపించమని అడగండి. ఇద్దరి పరీక్షలూ పూర్తి కాకుండా లక్షల ప్యాకేజీకి సంతకం పెట్టొద్దు. గర్భం అద్దెకు ఇప్పిస్తామని, డబ్బుకు బిడ్డను తెస్తామని చెప్పేవాళ్లు చట్టాన్ని మీరుతున్నారు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది

మన తోతాపురి గుజ్జు విదేశాలకు పోయే ముందు అందులో మందు అవశేషాలు ఎంతున్నాయో పరీక్షిస్తారు. ఎక్కువుంటే వెనక్కి పంపుతారు. ఆ కాయ పండించిన రైతు రక్తంలో ఎంతుందో మాత్రం ఎవరూ చూడరు. తినేవాడి ఒంటికి ఉన్న విలువ పండించేవాడి ఒంటికి ఎందుకు లేదు?

అందుకే సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది. మండల స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీర్యపరీక్ష, థైరాయిడ్, ఇతర హార్మోను పరీక్షలు ఉచితంగా చేయాలి. మందు కొట్టే రైతులకు, కూలీలకు ఏటా ఆరోగ్య పరీక్షలు జరపాలి. చిత్తూరు జిల్లా మామిడి, టమాటా ప్రాంతాల్లో ఉస్మానియా పరిశోధకులు పత్తి చేలలో చేసినట్టే అధ్యయనం చేయించి, ఫలితాలు తెలుగులో ఊళ్లకు చెప్పాలి. 2020 ముసాయిదాలో మిగిలిన మందుల మీద నిర్ణయం తీసుకోవాలి, బదులు మార్గం చూపే ఖర్చు ప్రభుత్వమే భరించాలి. సంతానానికి హాని చేసే మందుల డబ్బా మీద ఆ మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. రక్షణ దుస్తులు రైతు సేవా కేంద్రాల్లో రాయితీకి ఇవ్వాలి.

లాత్రోప్ కార్మికులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయి ఉంటే ఆ నిజం ఇంకా ఎన్నేళ్లు దాగేదో. ఈ సభ ముగిశాక మీరు ఇంటికెళ్లి ఈ మాట ఎత్తండి. అన్నదమ్ములు మాట్లాడుకోండి, అత్తాకోడళ్లు మాట్లాడుకోండి. పరీక్షకు వెళ్లాలనుకునే జంటకు తోడు కావాలంటే సంఘం కార్యకర్తలు వస్తారు, ఆ మాట బయటికి పొక్కదు. వచ్చే భారతంలో ఏ ఆడబిడ్డయినా మాను కింద వరపడితే, అప్పటికే ఆమె మొగుడు పరీక్ష చేయించుకుని ఉండాలి. సంఘం సభ్యులందరినీ మేం కోరేది ఇదే.